మలేరియా కాన్ఫరెన్సుకి నేనూ రావచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలే. మైక్రోస్కోప్ కింద రక్తం స్లైడ్లు చూసే ఉద్యోగంతో మొదలుపెట్టి తర్వాత మలేరియా మీటింగులకి వెళ్ళడం అలవాటైంది, ఆ తర్వాత రెండు మూడు చోట్ల ఏర్పాట్ల టీమ్‌లో కూడా పనిచేశాను, అందుకని కుర్చీలో కూర్చున్నవాళ్ళ ఇబ్బందీ తెలుసు, కుర్చీలు వేయించేవాళ్ళ ఇబ్బందీ తెలుసు. మీకు కావాల్సిన ప్రశ్న చూసుకుని మిగతావి వదిలేసినా పర్లేదు, కానీ ఏర్పాట్లు చేసేవాళ్ళైతే మాత్రం దయచేసి మొత్తం చదవండి.

ఒక్క మలేరియా కోసం ఇన్ని కాన్ఫరెన్సులు ఎందుకండీ?

ఎందుకంటే ఇది ఇంకా చంపుతోంది కాబట్టి. డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం ఒక్క 2023లోనే సుమారు 26 కోట్ల 30 లక్షల కేసులు, 5 లక్షల 97 వేల మరణాలు. దీని మీద పనిచేసేవాళ్ళు కూడా ఒక్క రకం కాదు, పరాన్నజీవి జన్యువులు చూసేవాళ్ళు, దోమలు పట్టేవాళ్ళు, మందులు చేసేవాళ్ళు, వ్యాక్సిన్ వాళ్ళు, లెక్కల మోడల్స్ వేసేవాళ్ళు, ఊళ్ళో ఇంటింటికీ తిరిగి దోమతెరలు పంచేవాళ్ళు, వీళ్ళు మామూలుగా ఒకరికొకరు ఎదురుపడరు. ఆఫ్రికాలో మల్టీలేటరల్ ఇనిషియేటివ్ ఆన్ మలేరియా వాళ్ళ పాన్ ఆఫ్రికన్ కాన్ఫరెన్స్ ఉంది, 1997లో డకార్‌లో మొదలై డర్బన్, అరూషా, యావుండే, నైరోబీ ఇలా తిరిగి 2024లో కిగాలీ చేరింది. మాలిక్యులర్ వైపు, అంటే పరాన్నజీవి జన్యువులు, ప్రోటీన్లు చూసేవాళ్ళకి ఆస్ట్రేలియాలోని లార్న్‌లో నాలుగేళ్ళకోసారి జరిగే మీటింగ్ ఉంది. ఫాల్సిపేరం, వైవాక్స్ అనేవి మలేరియా పరాన్నజీవిలో రెండు రకాలు, వైవాక్స్ మీద పనిచేసేవాళ్ళకి వేరే కాన్ఫరెన్స్ ఉంది, ఎందుకంటే ఫాల్సిపేరం నీడలో వైవాక్స్‌ని ఎప్పుడూ చిన్నచూపే చూశారు.

కాన్ఫరెన్సు "ఇన్‌క్లూజివ్"గా ఉండాలంటారు, అంటే ఏంటి? సైన్స్‌కీ దానికీ ఏం సంబంధం?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, కొంతమంది కొంచెం వెటకారంగా కూడా అడుగుతారు. అందరినీ రానివ్వడం, వచ్చినవాళ్ళు నోరు విప్పగలిగేలా చూడటం, అంతే. దీన్ని మర్యాద కోసం చేసే పని అనుకుంటారు, కానీ మలేరియాలో మాత్రం దీనికి సైన్స్ కారణాలే ఉన్నాయి, వరసగా చెప్తా.

రాపిడ్ కిట్ తీసుకోండి, చుక్క రక్తంతో అక్కడికక్కడే మలేరియా ఉందో లేదో చెప్పేది. ఫాల్సిపేరం కోసం వాడే కిట్లలో ఎక్కువ భాగం హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌ని పట్టుకుంటాయి. మరి ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జీన్ లేని పరాన్నజీవి ఉంటే? ఒళ్ళు కాలిపోతుంటుంది, కిట్ మాత్రం నెగటివ్ చూపిస్తుంది. పెరూలో ఇలాంటివి ఉన్నాయని 2010లో బయటికొచ్చింది, తర్వాత ఎరిట్రియాలో ఎంత ఎక్కువగా దొరికాయంటే వాళ్ళు కిట్లే మార్చేయాల్సి వచ్చింది. ఇలాంటి తేడా మొదట కనపడేది ఎవరికి? "కిట్ నెగటివ్ అంటోంది, స్లైడ్ మీద పారసైట్ ఉంది, ఏంటిది" అని తల పట్టుకునే క్లినిక్ మనిషికి. ఆ మనిషి హాల్లో లేకపోతే మనకి తెలిసేది చాలా ఆలస్యంగానే.

డఫీ నెగటివ్ రక్తం, అంటే ఎర్రకణాల మీద డఫీ అనే గుర్తు లేని రక్తం ఉన్నవాళ్ళకి వైవాక్స్ రాదని ఏళ్ళ తరబడి పాఠాల్లో చెప్పారు. 2010లో మడగాస్కర్ నుంచి వచ్చిన పని చూస్తే, వస్తుంది. అక్కడి జనాన్ని అక్కడే చూస్తే తప్ప ఇది తెలిసేది కాదు కదా.

గర్భిణుల సంగతి ఇంకా బాధ. మందుల ట్రయల్స్ నుంచి వాళ్ళని జాగ్రత్త పేరుతో పక్కన పెట్టేస్తూ వచ్చారు, దానివల్ల మొదటి మూడు నెలల్లో ఉన్న తల్లికి ఏ మందు సేఫ్ అనే డేటా పోగుపడటానికే ఏళ్ళు పట్టింది, ఆర్టెమెథర్-ల్యూమెఫాంట్రిన్ అనే మలేరియా మందు మొదటి మూడు నెలల్లో కూడా ఇవ్వొచ్చని డబ్ల్యూహెచ్‌ఓ సిఫార్సు చేసింది 2022 చివర్లో. 5 కిలోల లోపు పసిపిల్లల కోసమే తయారైన మందుకి స్విట్జర్లాండ్‌లో ఆమోదం వచ్చింది 2025 జూలైలో. అంతవరకూ పెద్ద పిల్లల బిళ్ళనే సర్దుకుని ఇచ్చేవాళ్ళు. ఎవరినైతే గదిలోకి పిలవలేదో వాళ్ళ ప్రశ్నకి జవాబు చివరన వచ్చింది.

ఇంకొక్కటి చెప్పి ముందుకెళ్తా. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడని అందరికీ తెలుసు, 1902లో నోబెల్ వచ్చిందనీ తెలుసు. ఆ దోమలు తాగింది ఎవరి రక్తం? హుసేన్ ఖాన్ అనే రోగిది. దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆ పేరు మీరు ఎన్నిసార్లు విన్నారు? నేనైతే ఈ రంగంలోకొచ్చిన చాలా ఏళ్ళకి విన్నాను, అప్పటినుంచీ ఆ అణా లెక్క నా మనసులోంచి పోలేదు.

నాకు పీహెచ్‌డీ లేదు, ల్యాబ్ టెక్నీషియన్‌ని. వస్తే బాగుంటుందా?

రండి, తప్పకుండా రండి. ఒక విషయం చెప్తా. ఒక మీటింగ్‌లో ఒక పోస్టర్ (తమ పరిశోధనని పెద్ద కాగితం మీద వేసి తగిలించేది) మీద పల్చటి స్మియర్, అంటే స్లైడ్ మీద పల్చగా పూసిన రక్తం ఫొటో, అరచెయ్యంత పెద్దది చేసి పెట్టారు, ఎర్రకణంలో పరాన్నజీవి అని బాణం గుర్తు వేసి మరీ. చాలామంది వచ్చారు, తలూపారు, వెళ్ళారు. ఒకావిడ మాత్రం కదలకుండా నిలబడి చూస్తోంది. ఇరవై ఏళ్ళుగా స్లైడ్లు చదివే మనిషి, మెళ్ళో బ్యాడ్జి మీద సంస్థ పేరు తప్ప హోదా కూడా రాయలేదు. కాసేపటికి మెల్లగా, "ఇది పారసైట్ కాదేమోనండీ, ఎర్రకణం మీద ప్లేట్‌లెట్ కూర్చుంది, చుట్టూ తెల్లటి అంచు చూడండి" అంది. పోస్టర్ అబ్బాయి వంగి చూశాడు, ముఖం పాలిపోయింది, తర్వాత ఆవిడ పక్కనే కూర్చుని ఫోన్లో మిగతా ఫొటోలన్నీ ఒక్కొక్కటి చూపించుకున్నాడు. ఆవిడ ఆ రోజు రాకపోయుంటే ఆ బొమ్మ అలాగే పేపర్లోకి వెళ్ళేది.

కాబట్టి ఏర్పాటు చేసేవాళ్ళకి నా మనవి, రిజిస్ట్రేషన్ ఫారంలో స్టూడెంట్, ప్రొఫెసర్ అనే రెండు గళ్ళే పెట్టకండి. టెక్నీషియన్, ఫీల్డ్ వర్కర్, నర్సు, దోమలు పట్టే వాలంటీర్, వీళ్ళు ఏ గడిలో టిక్ పెట్టాలి?

అబ్‌స్ట్రాక్ట్ (మన పని గురించి ముందే పంపే చిన్న సారాంశం) రాయడం రాదు, నా ఇంగ్లీష్ అంతంత మాత్రం.

భాష చూసి తీసేసే కమిటీ మంచి కమిటీ కాదు. చాలా చోట్ల గడువుకి ముందు అబ్‌స్ట్రాక్ట్ చూసిపెట్టే మెంటార్లు ఉంటారు, అడగండి, సిగ్గు పడకండి. రాసేటప్పుడు మూడు విషయాలు మర్చిపోవద్దు. ఎంతమందిని చూస్తే ఎంతమందికి పాజిటివ్ వచ్చింది అనేది రెండు అంకెలూ రాయాలి, ఉత్త శాతం ఇస్తే ఎవరూ నమ్మరు. దేనితో చూశారో చెప్పాలి, మైక్రోస్కోపా, రాపిడ్ కిట్టా, పీసీఆరా, ఎందుకంటే పీసీఆర్‌కి దొరికేంత తక్కువ పారసైట్లు మైక్రోస్కోప్‌కి దొరకవు, రెండిటినీ కలిపేస్తే లెక్క తప్పుతుంది. ఏ సీజన్‌లో చేశారో కూడా రాయండి, వర్షాల తర్వాతి నెలకీ ఎండాకాలానికీ తేడా మీకు చెప్పక్కర్లేదు. రిజల్ట్ నెగటివ్ వచ్చిందని దాచుకోకండి, "మా దగ్గర ఈ స్ప్రే పనిచెయ్యలేదు" అనేది కూడా పనికొచ్చే వార్తే.

టాక్ అడిగితే పోస్టర్ ఇచ్చారు. తక్కువ చేసినట్టేనా?

కాదు. టాక్‌లో పది నిమిషాలు మాట్లాడి దిగిపోతారు, పోస్టర్ దగ్గర గంటసేపు మనుషులతో మాట్లాడతారు. నా పనికి పనికొచ్చిన పరిచయాలన్నీ పోస్టర్ల దగ్గర అయినవే.

ఫీజు, ప్రయాణం ఖర్చు ఎలా?

దేశ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే పద్ధతి ఇప్పుడు చాలా చోట్ల ఉంది, స్టూడెంట్లకి ఇంకా తగ్గుతుంది. ట్రావెల్ గ్రాంట్లు ఉంటాయి, వాటి గడువు మామూలు రిజిస్ట్రేషన్ కంటే చాలా ముందే అయిపోతుంది, అందరూ తప్పు చేసేది ఇక్కడే, అబ్‌స్ట్రాక్ట్ పంపేసి గ్రాంట్ ఫారం తర్వాత చూద్దాంలే అనుకుంటారు.

కానీ అసలు సమస్య వేరే. "ముందు మీరు కొనుక్కోండి, బిల్లులు పంపితే తర్వాత ఇస్తాం" అంటారు. విమానం టికెట్ డబ్బులు నెలల తరబడి చేతి నుంచి పెట్టుకోగలిగినవాళ్ళకి గ్రాంట్ అవసరమే తక్కువ. నేను ఒకసారి అలా అప్పు చేసి వెళ్ళాను, ఆ డబ్బు తిరిగొచ్చేసరికి వడ్డీ గ్రాంట్‌లో కొంత తినేసింది, ఏ బిల్లు మీద సంతకం లేదో అని ఈమెయిళ్ళు మీద ఈమెయిళ్ళు. అందుకే మేము ఏర్పాట్లు చేసినప్పుడు టికెట్, రూమ్ నేరుగా మేమే బుక్ చేశాం, చేతి ఖర్చు మొదటి రోజే ఇచ్చేశాం. పని కొంచెం ఎక్కువే, కానీ వస్తామన్నవాళ్ళు వచ్చారు. గ్రాంట్ వచ్చినవాళ్ళు అడగడానికి మొహమాటపడతారు కాబట్టి ఈ ఏర్పాటు మీరే ముందు చెప్పండి.

వీసా రాకపోతే?

చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు. అబ్‌స్ట్రాక్ట్ ఓకే అయిన రోజే ఇన్విటేషన్ లెటర్ అడగండి, అందులో మీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి, ఖర్చు ఎవరు పెడుతున్నారో స్పష్టంగా ఉండాలి, తేదీలు ఉండాలి. ఉద్యోగం చేసే చోటు నుంచి "ఈయన తిరిగొచ్చి ఇక్కడే పనిచేస్తారు" అనే లెటర్ కూడా జత చెయ్యండి. కొన్ని దేశాలకి ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ కావాలి, ఆ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, 2016 నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, కాబట్టి పాతది ఉంటే జాగ్రత్తగా వెతకండి.

ఒకసారి ఒక సెషన్‌లో ఒక స్పీకర్‌కి వీసా రాలేదు. ఆ అమ్మాయి పని మలేరియాకి ముఖ్యమైన మందు ఆర్టెమిసినిన్‌కి లొంగని పారసైట్ల మీద, తన సొంత జిల్లా శాంపిల్స్. స్టేజి మీద ఖాళీ కుర్చీ ముందు తన పేరు బోర్డు పెట్టి, రికార్డ్ చేసి పంపిన వీడియో వేశారు. ప్రశ్నలు అడగడానికి చేతులు లేచాయి, జవాబు చెప్పడానికి మనిషి లేదు. ఆ చేతులు దిగిపోవడం నాకింకా కళ్ళకి కట్టినట్టుంది. అప్పటినుంచీ మేము రెండు పనులు చేస్తున్నాం, వీసా డౌట్‌గా ఉన్న ప్రతి స్పీకర్‌కీ ఆన్‌లైన్ లింక్ ముందే టెస్ట్ చేసి ఉంచుతాం, కాన్ఫరెన్సు ఏ దేశంలో పెట్టాలో తేల్చేటప్పుడు "వచ్చేవాళ్ళలో ఎంతమందికి ఇక్కడ వీసా సులువు" అనే ప్రశ్న హోటల్ రేటు కంటే ముందు అడుగుతాం. 2023లో కేసుల్లో 94 శాతం డబ్ల్యూహెచ్‌ఓ ఆఫ్రికా ప్రాంతంలోనే ఉన్నాయి, అక్కడివాళ్ళు రాలేని ఊళ్ళో కూర్చుని అక్కడి జబ్బు గురించి మాట్లాడుకుంటే ఎలా?

ఇంగ్లీష్ వినడం కష్టం. ఏమైనా సాయం ఉంటుందా?

మలేరియా ఎక్కువున్న దేశాల్లో ఫ్రెంచ్, పోర్చుగీస్ మాట్లాడేవి చాలా ఉన్నాయి, అందుకని పెద్ద మీటింగుల్లో హెడ్‌ఫోన్ అనువాదం పెడతారు. స్క్రీన్ మీద లైవ్ క్యాప్షన్లు అందరికీ పనికొస్తాయి, వినికిడి తక్కువున్నవాళ్ళకి మరీ. కాకపోతే ఆటోమేటిక్ క్యాప్షన్లకి స్టెఫెన్సై, గామెటోసైట్, ప్రైమాక్విన్ లాంటి మాటలు వచ్చి చావవు, అర్థం పర్థం లేనివి వేస్తాయి. క్యాప్షన్ టీమ్‌కి, అనువాదకులకి ముందు వారమే స్లైడ్లు, పదాల లిస్టు పంపండి. స్పీకర్లు కాస్త నెమ్మదిగా మాట్లాడితే సగం సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది.

చంటిబిడ్డ ఉంది, తీసుకురావచ్చా?

తీసుకురండి, ముందు ఈమెయిల్‌లో చెప్పండి. అడగాల్సినవి: పిల్లల్ని చూసుకునే గది ఉందా, పాలిచ్చే గదికి లోపలి గడియ ఉందా, పాలు పెట్టుకోవడానికి ఫ్రిజ్ ఉందా, తోడుగా వచ్చే అమ్మకో అత్తయ్యకో పాస్ ఫ్రీయా. గడియ గురించి ఎందుకు అడగమంటున్నానంటే, ఒక చోట పాలిచ్చే గది అని బోర్డు పెట్టిన గదిలోకి ప్రొజెక్టర్ వైర్లు తీసుకోవడానికి మనుషులు వస్తూనే ఉన్నారు, ఒక తల్లి తలుపుకి సూట్‌కేసు అడ్డం పెట్టుకుని కూర్చుంది. మలేరియాతో చనిపోయేవాళ్ళలో ఎక్కువమంది అయిదేళ్ళలోపు పిల్లలు, ఆ పిల్లల కోసం పనిచేసే తల్లికి సొంత బిడ్డని పెట్టుకునే చోటు కూడా ఇవ్వలేమా?

వీల్‌చెయిర్, చూపు, వినికిడి ఇబ్బందులున్నవాళ్ళకి?

హాల్‌కి ర్యాంప్ ఉంటుంది గానీ స్టేజికి ఉండదు. శ్రోతగా రావచ్చు, స్పీకర్‌గా మాత్రం కుదరదు అన్నట్టు! స్టేజి ర్యాంప్ అడగండి. పోస్టర్లు మరీ ఎత్తున తగిలించొద్దు, మధ్య దారి వెడల్పుగా ఉండాలి. నిశ్శబ్దంగా కూర్చునే ఒక గది ఉంటే చాలామందికి ఊపిరాడుతుంది.

స్పీకర్లకి ఒక చిన్న పని చెప్తా. ఫ్లోరసెన్స్ (మెరిసే రంగులు వేసి తీసే) బొమ్మల్లో పారసైట్ ఎరుపు, కణం ఆకుపచ్చ పెట్టడం అలవాటు. ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు, ముఖ్యంగా మగవాళ్ళలో, మీరనుకునేదానికంటే ఎక్కువ, వాళ్ళకి ఆ రెండూ ఒకేలా కనపడతాయి, అంటే మీ మొత్తం రిజల్ట్ కనపడలేదన్నమాట. ఎరుపు బదులు మెజెంటా పెట్టండి, రెండు నిమిషాల పని.

నా డేటా ఇంకా పబ్లిష్ కాలేదు, చూపిస్తే ఎవరైనా కొట్టేస్తారేమో?

ఈ భయం ఉత్తది కాదు. శాంపిల్స్ ఒక దేశం నుంచి వెళ్ళి, పేపర్ ఇంకో దేశంలో రాసి, శాంపిల్ తీసినవాళ్ళ పేరు చివర థ్యాంక్స్ లైన్‌లో పెట్టే రోజులు చూశాం. స్లైడ్ మూలన "ఫొటో వద్దు" గుర్తు పెట్టండి, మంచి కాన్ఫరెన్సులు దాన్ని గట్టిగా పాటిస్తాయి. ఎవరైనా "కలిసి పనిచేద్దాం, శాంపిల్స్ పంపండి" అంటే సంతోషమే, కానీ ఎవరి పేరు ఎక్కడ ఉంటుంది, జన్యువులు చదివే సీక్వెన్సింగ్ ఎవరు నేర్చుకుంటారు, డేటా ఎక్కడ ఉంటుంది అనేవి కాగితం మీద రాసుకున్నాకే పంపండి. మీ దేశంలో ఎథిక్స్ కమిటీ అనుమతి, శాంపిల్ బయటికి పంపే రూల్స్ ముందు చూసుకోండి.

మలేరియా వచ్చి తగ్గినవాళ్ళని, ఊరివాళ్ళని స్టేజి మీదకి ఎందుకు పిలుస్తారు?

ఏడిపించే కథ చెప్పించడానికి అయితే పిలవకండి. ప్లానింగ్‌లో కూర్చోబెట్టడానికి పిలవండి. ఆర్‌టీఎస్,ఎస్ అనే మలేరియా వ్యాక్సిన్‌ని డబ్ల్యూహెచ్‌ఓ 2021లో, ఆర్21 అనే రెండోదాన్ని 2023లో సిఫార్సు చేసింది, రెండిటికీ నాలుగు డోసులు కావాలి. నాలుగో డోసుకి పిల్లని మళ్ళీ ఎందుకు తీసుకురాలేకపోతున్నారో గ్రాఫ్ చెప్పదు, ఆ తల్లి చెప్తుంది, పొలం పనులో, దూరమో, ముందు డోసుకి జ్వరమొచ్చిందనో. వాళ్ళ రోజుకూలి పోతుంది కాబట్టి స్పీకర్లకి ఇచ్చినట్టే డబ్బులివ్వాలి, ఫొటో తీసేముందు అడగాలి.

ఎవరైనా ఇబ్బంది పెడితే?

రిజిస్ట్రేషన్‌లోనే ప్రవర్తనా నియమాలు ఉండాలి, ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో కనీసం ఇద్దరి పేర్లు ఉండాలి, ఆ ఇద్దరూ సీనియర్ సైంటిస్టుల స్నేహితులు కాకూడదు. రాత్రి డిన్నర్‌లో జరిగినా అది కాన్ఫరెన్సులో జరిగినట్టే. ఎంత పెద్ద పేరున్నవాడైనా బయటికి పంపే ధైర్యం కమిటీకి లేకపోతే ఆ నియమాల కాగితం దండగ.

మొదటిసారి వస్తున్నా, ఏ సెషన్లు చూడాలి?

మీ పనికి దగ్గరగా ఉన్నవి ఎలాగూ చూస్తారు, రోజుకి ఒక్కటైనా పక్క టాపిక్ చూడండి. ఆఫ్రికాలో కెల్చ్13 అనే జీన్‌లో మ్యుటేషన్లు, అంటే ఆర్టెమిసినిన్‌కి పారసైట్ నెమ్మదిగా లొంగేలా చేసే మార్పులు, రువాండా, యుగాండా లాంటి చోట్ల కనపడ్డాయి, దాని మీద హాల్ నిండిపోతుంది, ముందే వెళ్ళండి. అనాఫిలిస్ స్టెఫెన్సై మీద సెషన్ వదలొద్దు, ఇది దక్షిణాసియా పట్టణాల నీళ్ళ ట్యాంకుల్లో పెరిగే దోమ, 2012లో జిబూటీలో దొరికాక ఆఫ్రికా పట్టణాలకి కొత్త బెంగ పట్టుకుంది. వైవాక్స్ వైపు, లివర్‌లో దాక్కునే రూపాన్ని చంపే మందు ఇచ్చేముందు జీ6పీడీ టెస్ట్ (ఆ మందు పడని రక్తమేమో చూసేది) ఎలా అందుబాటులోకి తేవాలి అనే చర్చ ఉంటుంది, అది నాకు ప్రాణం. సెషన్ నడిపేవాళ్ళు కొంతమంది మొదటి ప్రశ్న కొత్తవాళ్ళకే ఇస్తారు, మైకు మీ దాకా వస్తే వణుకుతూ అయినా అడిగేయండి.

కాన్ఫరెన్సు ఊళ్ళో మలేరియా ఉంటే? మాకే వస్తే?

రావచ్చు, మలేరియా వాళ్ళం కదా అని దోమ మనల్ని వదిలెయ్యదు. బయల్దేరే ముందు డాక్టర్‌ని కలిసి నివారణ మందు అవసరమా అని అడగండి, గర్భిణులైతే తప్పకుండా. రాత్రిళ్ళు దోమతెర, ఒంటికి రిపెల్లెంట్. తిరిగొచ్చాక జ్వరం వస్తే ప్రయాణం బడలికలే అనుకుని పడుకోవద్దు, అదే రోజు టెస్ట్ చేయించుకోండి, ఎక్కడికి వెళ్ళొచ్చారో డాక్టర్‌కి మీరే చెప్పండి, వాళ్ళు అడగకపోవచ్చు. ఫాల్సిపేరం ఎక్కువగా మొదటి నెలలోపే బయటపడుతుంది, వైవాక్స్ అయితే నెలల తర్వాత కూడా లేస్తుంది. మొదటి స్లైడ్ నెగటివ్ వచ్చినా జ్వరం ఉంటే 12 నుంచి 24 గంటల తేడాతో మళ్ళీ తీయించండి, అలా మూడు స్లైడ్లు చూశాక గానీ మలేరియా లేదని అనుకోవద్దు.